ఎవరి ఇల్లు? – ‘కాలాతీత వ్యక్తులు’ నవలను చదవడం

కథానికకూ నవలకూ ఉన్న తేడా మీకు ఈపాటికి తెలుసు. కథానిక జీవితంలోని ఒక ముక్కను చూపిస్తుంది. నవల కొందరు మనుషుల్ని చాలాకాలం మన ఎదుట ఉంచుతుంది. వాళ్ళు మారడమో, మారకపోవడమో మనం చూస్తాం. ఈ పాఠంలో ఒక నవలను తీసుకుని, దాన్ని ఎలా చదవాలో నేర్చుకుందాం. నవల పేరు ‘కాలాతీత వ్యక్తులు’. రచయిత్రి డాక్టర్ పి. శ్రీదేవి. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. మధ్యమధ్య ఆగి రాయవలసినవి ఉన్నాయి.

నవల మీ చేతిలో లేకపోయినా ఈ పాఠం అర్థమవుతుంది. దొరికితే మాత్రం తప్పక చదవండి. పాఠం నవలకు బదులు కాదు.

ముందుగా ఒక చిన్న పని. ‘ఇల్లు’ అనే మాట చేరిన పదాలు మీకు తెలిసినన్ని రాయండి. పుట్టిల్లు, అత్తిల్లు, మెట్టినిల్లు, పొదరిల్లు, అద్దెయిల్లు, ఇల్లాలు, ఇంటిపేరు, ఇంటిపెద్ద. ఇంకా కొన్ని మీకు తోచవచ్చు. ఇప్పుడు ఆ మాటలను మరొకసారి చూడండి. ఒక స్త్రీ ‘ఇది నా ఇల్లు’ అని చెప్పుకోవడానికి వీలైన మాట అందులో ఏదైనా ఉందా? పుట్టిల్లు తండ్రిది. అత్తిల్లు అత్తమామలది, భర్తది. అద్దెయిల్లు యజమానిది. ‘ఇల్లాలు’ అన్న మాటలో ఇల్లు ఉంది గాని, ఆ ఇల్లు ఆమెదని చెప్పే మాట కాదది. ఆ ఇంటికి ఆమె చెందుతుందని చెప్పే మాట. ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు’ అనే సామెత మీరు వినే ఉంటారు. ఇల్లు సరిగా లేకపోతే మాట పడేది ఆమె. పట్టా మాత్రం చాలాచోట్ల మరొకరి పేరున ఉంటుంది.

ఈ సంగతి మనసులో పెట్టుకుని నవలలోకి వెళ్దాం.

రచయిత్రి, కాలం

శ్రీదేవి 1929లో అనకాపల్లిలో పుట్టారు. వైద్యవిద్య చదివి డాక్టరయ్యారు. కథలు కూడా రాశారు. ‘ఉరుములూ మెరుపులూ’ ఆమె కథల సంపుటి. నవల మాత్రం ఒక్కటే రాశారు. అది గోరాశాస్త్రి సంపాదకత్వంలో నడిచిన ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో 1957–58లో ధారావాహికగా వచ్చింది. 1961లో ఆమె చనిపోయారు. అప్పటికి ముప్ఫయి రెండేళ్ళు కూడా నిండలేదు. ఒకే నవలతో ఇంతకాలం నిలిచిన రచయిత్రులు తెలుగులో బహు తక్కువమంది.

ఆ కాలం ఎలాంటిదో కొంచెం తెలుసుకోవాలి. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయింది. చిన్న ఊళ్ళ నుంచి, పల్లెల నుంచి ఆడపిల్లలు చదువుకోసం పట్నం చేరడం అప్పుడప్పుడే పెరుగుతోంది. కొందరు ఆఫీసుల్లో ఉద్యోగాలకు కూడా వెళుతున్నారు. చదువుకు కాలేజీ ఉంది, పనికి ఆఫీసు ఉంది. సాయంత్రం అయిదు తరువాత ఎక్కడికి వెళ్ళాలి? హాస్టలులో చోటు అందరికీ దొరకదు. బంధువుల ఇల్లు అందరికీ ఉండదు. ఒంటరి ఆడపిల్లకు గది అద్దెకివ్వడానికి యజమాని పదిసార్లు ఆలోచిస్తాడు. ఈ నవలకు పునాది ఈ ప్రశ్నే అని నా అభిప్రాయం. దీన్ని ప్రేమకథగా పరిచయం చేసేవారు ఉన్నారు. ప్రేమ ఉన్నమాట నిజమే. కాని ఆ ప్రేమలన్నీ ఒక అద్దెయింట్లో పుట్టాయన్నది మరచిపోకూడదు.

కథ

విశాఖపట్నంలో ఒక ఇల్లు. అందులో ఇందిర, ఆమె తండ్రి ఆనందరావు ఉంటారు. ఇందిర ఉద్యోగం చేస్తుంది. ఆమె సంపాదనతోనే ఇల్లు గడుస్తుంది. తండ్రికి బాధ్యత తెలియదు. మేడమీద గదిలో ప్రకాశం అనే వైద్య విద్యార్థి అద్దెకు ఉంటాడు. మంచివాడు, మెత్తనివాడు, ఏ విషయంలోనూ గట్టిగా నిలబడలేనివాడు. చదువుకోసం పట్నం వచ్చిన కల్యాణి ఆ ఇంట్లోనే ఒక గదిలో చేరుతుంది.

అలా ఇద్దరు యువతులు ఒక కప్పు కింద చేరారు. వయసులో పెద్ద తేడా లేదు. ఇద్దరికీ వెనక పెద్ద అండ లేదు. ఇద్దరూ తమ కాళ్ళమీద నిలబడాలనుకునేవారే. అయినా ఇద్దరి స్వభావాలూ వేరు. ఇందిర తనకు కావలసినదాన్ని చేయిచాచి తీసుకుంటుంది. నవ్వుతుంది, సినిమాకు వెళ్తుంది, షికారుకు వెళ్తుంది. లోకం ఏమనుకుంటుందోనని ఆగదు. కల్యాణి మౌనంగా ఉంటుంది. బాధను లోపలే దాచుకుంటుంది. ఒకరికి భారం కాకూడదని చూస్తుంది. ప్రకాశం మనసు కల్యాణి వైపు మొగ్గుతుంది. కాని ఇందిర చొరవ ముందు అతడు నిలవలేడు. ఇల్లు ఇరుకవుతుంది. కల్యాణి ఆ ఇల్లు విడవవలసి వస్తుంది.

తండ్రి చనిపోయాక కల్యాణికి తిరిగి వెళ్ళడానికి పుట్టిల్లు కూడా లేకుండా పోతుంది. వసుంధర అనే స్నేహితురాలు ఆమెకు తోడవుతుంది. వసుంధరది కలిగిన కుటుంబం. కృష్ణమూర్తి అనే మరొక యువకుడు ప్రకాశం స్నేహితుడు. డబ్బున్నవాడు, సరదామనిషి. ఇందిర, ప్రకాశం పెళ్ళి చేసుకోవాలనుకుంటారు. ప్రకాశం పెద్దల మాటకు ఎదురు నిలవలేక వెనక్కి తగ్గుతాడు. చివరికి ఇందిర కృష్ణమూర్తిని పెళ్ళాడుతుంది. కల్యాణి, భార్యను పోగొట్టుకున్న డాక్టర్ చక్రవర్తిని పెళ్ళి చేసుకుంటుంది.

కథ ఇంతే. మూడు పేరాల్లో చెప్పేశాం. ఈ కథనే 1963లో అన్నపూర్ణ వారు ‘చదువుకున్న అమ్మాయిలు’ పేరుతో సినిమాగా తీశారు. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. సినిమా చూసినవారు నవల చదివినట్టే అనుకోవద్దు. సినిమాకు తన అవసరాలు తనకుంటాయి.

ఇక్కడ ఆగండి. ఈ కథలో మీకు నచ్చినవారు ఎవరు, నచ్చనివారు ఎవరు? రెండు వాక్యాలు రాసి పక్కన పెట్టండి. పాఠం చివర దాన్ని మళ్ళీ తీసి చూడాలి.

పేరు సంగతి

కాల + అతీత = కాలాతీత. ‘ల’లోని అకారానికి ‘అతీత’లోని అకారం పరమై, రెండూ కలిసి దీర్ఘమయింది. ఇది సవర్ణదీర్ఘ సంధి. కాలాన్ని దాటినవారు, కాలానికి అందనివారు అని అర్థం. నవలలోని వాళ్ళు నిజంగా కాలాన్ని దాటినవారేనా? ఇందిరను చూస్తే అవుననిపిస్తుంది. ప్రకాశాన్ని చూస్తే అతడు తన కాలానికి కట్టుబడి, దాని ముందు తల వంచినవాడే అనిపిస్తుంది. అప్పుడు పేరులో ఒక ఎత్తిపొడుపు ఉందా? పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఒకే జవాబు ఉంటుందని అనుకోకండి. మీ కారణం చెప్పగలిగితే చాలు.

గదిని గమనించడం

నవలలో పాత్రను ఎలా అర్థం చేసుకుంటాం? పాత్ర ఏం మాట్లాడుతుంది, ఏం చేస్తుంది, ఇతరులు ఆమెను గురించి ఏమంటారు – ఈ మూడూ చూడమని సాధారణంగా చెబుతారు. నాలుగోది ఒకటి చేర్చుకోండి. ఆ పాత్ర ఎక్కడ నిలబడి మాట్లాడుతోంది? సొంత గుమ్మంలోనా, పరాయి గుమ్మంలోనా?

కల్యాణిని ఈ కంటితో చూడండి. ఆమె అణకువను చాలామంది పాఠకులు మెచ్చుకుంటారు. ఇందిర దూకుడును తప్పు పడతారు. అది స్వభావమేనా? గదిలో అద్దెకున్న మనిషి ఎలా నడుచుకుంటుంది? నీళ్ళకు ఎప్పుడు వెళ్ళాలో ఇంటివాళ్ళను చూసి వెళుతుంది. దీపం ఎంతసేపు వెలిగించాలో ఆలోచిస్తుంది. స్నేహితురాలు వస్తే గొంతు తగ్గించి మాట్లాడుతుంది. పండగనాడు ఇంట్లో పిండివంటల వాసన వస్తుంటే తన గది తలుపు మూసుకోవాలో తెరిచి ఉంచాలో ఆమెకు తెలియదు. తెరిస్తే ఆశించినట్టు, మూస్తే అలిగినట్టు. ఇవి నవలలోని దృశ్యాలని కాదు, అద్దెగదిలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతులు. ఇలా కొన్నేళ్ళు బతికిన మనిషికి అణకువ అలవాటవుతుంది. అది ఎంతవరకు గుణమో, ఎంతవరకు చోటు లేకపోవడం నేర్పినదో విడదీయడం కష్టం.

ఇక ఇందిర. ఆమె ఇంట్లో ఆమే బలవంతురాలిగా కనిపిస్తుంది. కల్యాణికి ఆ ఇంట చోటు లేకుండా చేసేంత బలం. మరి ఆ ఇల్లు ఆమెదా? ఆమెదీ కాదు. ఇల్లు గడిచేది ఆమె జీతంతో. ఇంటిపెద్ద అనిపించుకునేది తండ్రి. ఆమె పెళ్ళయి వెళ్ళిపోతే జీతం పోతుందన్న భయం ఇలాంటి ఇళ్ళల్లో ఉండడం సహజం. అంటే ఇందిర తన సంపాదనతో తనను కట్టిపడేసే ఇంటినే నిలబెడుతోంది. అందులోంచి బయటపడడానికి ఆమెకు కనిపించిన తలుపు ఒక్కటే, పెళ్ళి. ఆ తలుపు దగ్గర ప్రకాశం నిలబడి ఉన్నాడు. కల్యాణి కూడా అదే తలుపు దగ్గరకు వస్తే?

ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్య ఏర్పడిన పోటీ మరొకలా కనబడటం లేదూ? ఒక మగవాడి కోసం ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకున్నారని చెప్పడం తేలిక. సినిమాలవాళ్ళు అలాగే చెబుతారు. ఇద్దరికీ సొంత చోటు లేదు, ఉన్న ఒక్క చోటులో ఇద్దరూ పట్టలేదు అని చెప్పడం కష్టం. శ్రీదేవి ఈ రెండోదాన్ని చూపించారు. ఇందిరను దుర్మార్గురాలిగా చేయలేదు. ఇందిర తప్పులు చేస్తుంది. వాటిని దాచుకోదు, వాటికి ఏడవదు. ఆనాటి పత్రికా నవలల్లో ఇలాంటి స్త్రీని ఏదో ఒక శిక్షకు గురిచేయడం మామూలు. జబ్బు రావడం, మోసపోయి ఊరు విడవడం, లేకపోతే కన్నీళ్ళతో మారిపోవడం. ఇందిరకు అవేవీ జరగవు. తెలుగు నవలా విమర్శకులు ఇందిరను గురించి ఇంతగా రాయడానికి ముఖ్యకారణం అదే.

ఒక విషయంలో మాత్రం నవలతో నాకు పేచీ ఉంది. కల్యాణి కథ పెళ్ళి దగ్గర ముగియడం. చక్రవర్తి మంచివాడే కావచ్చు. కాని ఇంత దూరం ఒంటరిగా నడిచిన మనిషికి చివరికి దొరికిన చోటు కూడా ఒక భర్త ఇల్లే. 1958లో దానికి మించి ఊహించడం సాధ్యమా అంటే, కష్టమే. చలం ‘మైదానం’ 1927లోనే వచ్చింది. అందులో రాజేశ్వరి ఇంటినే వదిలేసి వెళ్ళింది. కాని ఆమె వెళ్ళింది మైదానంలోకి, అదీ ఒక మగవాడి వెంట. తాళంచెవి తన చేతిలో ఉన్న గదిలోకి కాదు. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, రాయాలనుకున్న స్త్రీకి కొంత డబ్బూ తనకంటూ ఒక గదీ కావాలని వాదించిన పుస్తకం 1929లో వచ్చింది. శ్రీదేవి పుట్టిన సంవత్సరమే అది. తెలుగు నవలలో ఆ గది కోసం వెతుకులాట ఇంకా చాలాకాలం సాగింది. 1987లో వచ్చిన ఓల్గా నవల ‘స్వేచ్ఛ’ చదివితే, పెళ్ళే చివరి మజిలీ కాని కథ ఎలా ఉంటుందో తెలుస్తుంది. రెండు నవలలూ వెంటవెంటనే చదవగలిగితే ముప్ఫయ్యేళ్ళలో ఏం కదిలిందో మీకే తెలుస్తుంది.

చట్టంలో ఇల్లు

ఇది పౌరశాస్త్రం పాఠం కాదు. అయినా ఈ నవల వచ్చిన సంవత్సరాన్ని మరోసారి చూడండి. 1957. దానికి ముందటి సంవత్సరమే, 1956లో, హిందూ వారసత్వ చట్టం వచ్చింది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన సొంత ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ వాటా ఉంటుందని అది చెప్పింది. అది పెద్ద మార్పు. కాని అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటి పెట్టారు. కుటుంబం కాపురముండే ఇంటి విషయంలో మగ వారసులు పంచుకోవాలని అనుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగకూడదు. పెళ్ళికాని కూతురు, భర్త వదిలేసిన కూతురు, భర్త నుంచి విడిపోయిన కూతురు, వితంతువైన కూతురు అందులో ఉండవచ్చు. అంతే. అంటే పొలంలో వాటా అడగవచ్చు, ఇంట్లో గది అడగడానికి లేదు. ఉండనిస్తారు, పంచరు. ఒక విధంగా కూతుర్ని సొంత ఇంట్లోనే అద్దెలేని అద్దెదారుగా ఉంచినట్టు. ఈ సెక్షన్ 2005లో రద్దయింది. దాదాపు 50 ఏళ్ళు పట్టింది.

పిత్రార్జితం సంగతి వేరు. పుట్టుకతోనే కొడుక్కు వచ్చే హక్కు కూతురికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005 సవరణతో వచ్చింది.

ఈ చోట భోపాల్‌పట్నం వైపు నుంచి ఈ కోర్సు చదువుతున్నవారు ఆగి ఆలోచించాలి. గోదావరికి అవతల ఏటూరునాగారం, ఇవతల మీ భోపాల్‌పట్నం, మద్దేడు, తిమేడు, తార్లగూడ. రెండు ఒడ్డులా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. పెళ్ళిసంబంధాలున్నాయి. అయినా 1985 నుంచి 2005 వరకు, 20 ఏళ్ళపాటు, ఒక ఒడ్డున ఉన్న పెళ్ళికాని కూతురికి పిత్రార్జితంలో హక్కు ఉంది, రెండో ఒడ్డున ఉన్నదానికి లేదు. ఒకే భాష, ఒకే పండుగలు, మధ్యలో ఒక నది.

మీలో గోండు, దోర్ల కుటుంబాలవారు ఉంటే ఈ చట్టం సంగతి ఇంకా వేరు. షెడ్యూల్డు తెగలకు 1956 చట్టం నేరుగా వర్తించదు. అక్కడ ఆచారం ప్రకారం నడుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌కే చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. స్త్రీకి వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు, స్త్రీ అయినందుకు వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని అంది. ఆస్తి సంగతి అలా ఉంచితే, 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం మరొక మాట చెప్పింది. ఇంటిమీద పేరు ఉన్నా లేకపోయినా, కలిసి కాపురమున్న ఇంట్లోంచి స్త్రీని చట్టప్రకారం తప్ప బయటికి పంపకూడదు. కల్యాణి వంటి అద్దెగది మనిషికి ఈ చట్టం పనికిరాదు. ఆమె ఆ ఇంటి బంధువు కాదు.

మీ ఊరి నుంచి చూస్తే

నవల విశాఖపట్నంలో జరిగింది. మీది సముద్రం లేని ఊరు. ఇంద్రావతి, గోదావరి కలిసేచోటు, టేకు అడవులు, తునికాకు, ఇప్పపూలు. ఆ నవలకూ మీకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు.

భోపాల్‌పట్నం ఒకప్పుడు బస్తరు సంస్థానంలో జమీందారీ. సంస్థానం 1948లో విలీనమయ్యాక మధ్యప్రదేశ్‌లో ఉంది. జిల్లా మొదట బస్తరు, 1998లో దంతెవాడ, 2007లో బీజాపూర్. రాష్ట్రం 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయింది. ఊరు ఉన్నచోటునుంచి అంగుళం కదలలేదు, కవరు మీద రాసే చిరునామా మాత్రం ఎన్నోసార్లు మారింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండి, దోర్లి కలిసిన మాట. ‘మేము ఎక్కడివాళ్ళం?’ అనే ప్రశ్న మీకు కొత్త కాదు. ఈ పాఠాన్ని తెలుగులో చదవడానికి మీలో కొందరు అక్షరాలు విడిగా నేర్చుకుని ఉంటారు. చెందడం అంటే ఏమిటో మీకు నవల చెప్పనక్కరలేదు.

ఇళ్ళు పంచుకునే ఆడవాళ్ళు కూడా మీకు తెలిసినవాళ్ళే. కన్యా ఆశ్రమాల్లో చదివినవారు ఒకే గదిలో ఎందరితో పడుకున్నారో గుర్తుంటుంది. పెట్టె ఒక్కటే సొంతం. దాని తాళం మెడలో తాడుకు కట్టుకుని తిరిగేవాళ్ళుంటారు. ఉద్యోగం వచ్చి బీజాపూర్‌లోనో వరంగల్‌లోనో ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకున్నవారుంటారు. మిరప కోతల కాలంలో బస్తరు నుంచి గోదావరి దాటి వెళ్ళే కూలీల గుంపుల్లో ఆడవాళ్ళు ఉంటారు. చేను గట్టునే టార్పాలిను కట్టుకుని, ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకుంటారు. ఆ టార్పాలిను కింద ఎవరు ఏ మూల పడుకోవాలి, ఎవరి గిన్నె ముందు దించాలి అన్నదాని మీద మాటామాటా పెరగడం మీరు చూసే ఉంటారు. మరునాడు అదే మనిషికి జ్వరమొస్తే ఆమె వంతు మిరపకాయలు కూడా కోసి బస్తా నింపడం కూడా చూసి ఉంటారు. ఇందిర, కల్యాణిల ఇంట్లో ఈ రెండోది జరగలేదు. ఎందుకు జరగలేదో ఆలోచించదగిన విషయం. మిరపచేలో కూలి ఇద్దరికీ ఒకటే, తిరిగి వెళ్ళే ఊరు ఇద్దరికీ ఉంది. ఇందిరకూ కల్యాణికీ అలా తిరిగి వెళ్ళే ఊరు లేదు.

వసుంధరను మనం చాలాసేపు మరచిపోయాం. పాఠకులు కూడా ఆమెను మరచిపోతుంటారు. కాని కల్యాణికి కష్టకాలంలో ఆసరా ఇచ్చినది ఒక స్త్రీ స్నేహమే అని గమనించండి. వసుంధర ఇవ్వగలిగింది, ఎందుకంటే ఆమెకు ఉంది. ఇందిర ఇవ్వలేకపోయింది. ఇది ఇందిర తప్పులను కడిగేయడానికి చెప్పడం లేదు. ఇద్దరి మంచితనాన్నీ ఒకే తూకంతో తూచేముందు, తక్కెడలో ఇంకేమున్నాయో చూడమంటున్నాను.

ఆడవాళ్ళు కలిసి ఉండడానికి మంచి ఇళ్ళు కట్టినవారూ ఉన్నారు. దుర్గాబాయి 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ నీడలో చదువుకుని బతుకు నిలబెట్టుకున్నవారు ఎందరో. అంతకు ముందే గురజాడ ‘కన్యాశుల్కం’లో బాల వితంతువు బుచ్చమ్మ కథ చివరకు ఎక్కడికి చేరుతుంది? పూనాలోని వితంతు శరణాలయానికి. పెళ్ళి కాకుండా స్త్రీకి మరొక చిరునామా ఉండవచ్చునని ఆ నాటకం ఆనాడే సూచించింది. ఉద్యోగినుల వసతి గృహాలకు కేంద్ర ప్రభుత్వం సాయం చేసే పథకం 1972–73లో మొదలయింది. కల్యాణికి అది పదిహేనేళ్ళు ఆలస్యం.

భాషను గురించి కొంచెం

శ్రీదేవి భాష ఆ రోజుల చదువుకున్న మధ్యతరగతి ఇంటిభాష. గ్రాంథికం లేదు. వైద్య విద్యార్థుల మాటల్లో ఇంగ్లీషు పదాలు సహజంగా దొర్లుతాయి. మీరు ఇంట్లో మాట్లాడే తెలుగుకూ దానికీ తేడా ఉంటుంది. మీ తెలుగు తప్పని దాని అర్థం కాదు. నవల చదివేటప్పుడు అర్థం కాని మాట వస్తే వెంటనే నిఘంటువు తీయకండి. పేరా పూర్తిచేసి, అప్పుడు చూడండి. సగం మాటలు వాటంతట అవే తేలిపోతాయి.

వ్యాకరణంలో ఒక్క సంగతి. ‘ఇల్లు’ అనే మాటకు విభక్తి చేరినప్పుడు రూపం ఎలా మారుతుందో గమనించారా? ఇల్లు – ఇంటిలో, ఇంటికి, ఇంటిపేరు. ‘ల్లు’ పోయి ‘ంటి’ వచ్చింది. ఇలాంటి పదాలను ఔపవిభక్తికాలు అంటారు. కన్ను – కంటికి, పన్ను – పంటికి, ఏరు – ఏటికి, ఊరు – ఊరికి. వీటిలో ఒకటి మిగతావాటిలా మారలేదు. అది ఏదో మీరే చెప్పండి.

మీరే రాయండి

1. మొదట రాసి పక్కన పెట్టిన రెండు వాక్యాలు తీసి చూడండి. నచ్చినవారు, నచ్చనివారు మారారా? మారితే ఎక్కడ మారారు? మారకపోతే ఈ పాఠంలోని ఏ మాటతో మీరు ఏకీభవించలేదు?

2. ‘ప్రకాశం మంచివాడు. అదే అతనితో వచ్చిన చిక్కు.’ ఈ అభిప్రాయం మీద పది వాక్యాలు రాయండి. ప్రకాశాన్ని సమర్థించినా మార్కులు ఉంటాయి.

3. కల్యాణి ఇల్లు ఖాళీ చేసే రోజు. పెట్టె సర్దుకుంది. రిక్షా గుమ్మం ముందు ఉంది. ఇందిర ఆఫీసుకు వెళ్ళే వేళయింది. ఇద్దరూ ఎదురుపడ్డారు. నవలలో ఏముందో చూడకుండా, వాళ్ళిద్దరి సంభాషణ ఒక పేజీ రాయండి. ఇద్దరూ ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో ముందే నిర్ణయించుకోండి.

4. మీరు ఎప్పుడైనా మరొకరి ఇంట్లో కొంతకాలం ఉన్నారా? బడికోసం, పనికోసం, కాన్పుకోసం, లేదా ఊరు విడవవలసి వచ్చి. ఆ ఇంట్లో మీరు అడగకుండా తీసుకోగలిగిన వస్తువు ఏది, అడిగి తీసుకోవలసినది ఏది? మీకు తోచినంత రాయండి. ఈ ప్రశ్నకు పుస్తకం చివర జవాబు ఇవ్వలేదు.

మూడో ప్రశ్నకు రాసినది వీలైతే సంపర్క తరగతికి తీసుకెళ్ళండి. ఇద్దరు కలిసి పైకి చదవండి. ఒకరు ఇందిర, ఒకరు కల్యాణి. తరువాత పాత్రలు మార్చుకుని మళ్ళీ చదవండి.